గడి కబుర్లు: ఆ పొడుగు పదాలు ఏం చెబుతున్నాయి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే మాట చుట్టూ తిరిగాయి, అది థీమ్. కొందరు అమెరికా పత్రికల క్రాస్‌వర్డ్ గురించి అడిగారు, కొందరు మన గళ్ళ నుడికట్టు గురించి. రెండూ కలిపే జవాబులు రాస్తున్నాను, ఎందుకంటే ఒకదాని గురించి చెప్పాలంటే రెండోది పక్కన పెట్టి చూడక తప్పదు.

ప్రశ్న: ఆరు నెలలుగా డాలస్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మా కోడలు రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ న్యూయార్క్ టైమ్స్ క్రాస్‌వర్డ్ చేస్తుంది. నేనూ మొదలుపెట్టాను. సోమవారం దాదాపు పూర్తి చేస్తాను, బుధవారానికి సగం, గురువారం చేతులెత్తేస్తాను. "థీమ్ పట్టుకోండి అత్తయ్యా, అదే దారి చూపిస్తుంది" అంటుంది. ఆ థీమ్ ఎక్కడుంటుంది, దాన్ని పట్టుకోవడం ఎలా? (ఒక పాఠకురాలు, డాలస్)

జవాబు: ముందుగా ఒక మాట చెప్పనివ్వండి. ఆరు నెలల్లో సోమవారం గడి పూర్తి చేయగలుగుతున్నారంటే మీరు చాలా బాగా చేస్తున్నట్టు. ఆ పత్రికలో సోమవారం గడి అన్నిటికంటే తేలిక, రోజురోజుకీ కష్టం పెరుగుతూ శనివారం అన్నిటికంటే గట్టిది వస్తుంది, ఆదివారం గడి పరిమాణంలో పెద్దదే గానీ కష్టంలో ఇంచుమించు గురువారంతో సమానం. కాబట్టి గురువారం ఆగిపోయానని టెన్షన్ పడకండి.

ఇక థీమ్. సోమవారం నుంచి గురువారం దాకా వచ్చే గళ్ళలో మామూలుగా థీమ్ ఉంటుంది, శుక్ర, శనివారాల్లో సాధారణంగా ఉండదు. ఆ గడి అడ్డం పదిహేను, నిలువు పదిహేను. అందులో నాలుగైదు పొడవాటి జవాబులు ఉంటాయి, ఎక్కువగా అడ్డంలో. వాటిని కలిపే దారం ఒకటి ఉంటుంది, అదే థీమ్. చిన్న పదాలన్నీ ఆ పొడుగు పదాలను నిలబెట్టే స్తంభాల్లాంటివి. కూర్పరి ముందు పొడుగు పదాలనే ఎంచుకుని, వాటికి చోటు కుదిర్చి, ఆ తర్వాత మిగతా గళ్ళు నింపుతారు. మనం పూరించేటప్పుడు దారి తిరగబడుతుంది, చిన్న పదాలతో మొదలుపెట్టి పొడుగు పదాల దాకా వెళతాం.

తెలుగులో ఒక ఉదాహరణ చేసి చూపిస్తాను, అప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. నాలుగు ఆధారాలు అనుకోండి. "సరుకు ఇచ్చి డబ్బు పుచ్చుకునే మనిషి", జవాబు అమ్మకందారు. "తిన్నది గొంతులోంచి పొట్టకు చేరే దారి", జవాబు అన్నవాహిక. "వద్దులే, దాంతో పని లేదు", జవాబు అక్కరలేదు. "పరిమళం దాచుకునే గాజు బుడ్డి", జవాబు అత్తరుసీసా. నాలుగూ ఐదేసి గళ్ళ పదాలే, అర్థంలో మాత్రం ఒకదానికొకటి ఏ సంబంధమూ లేదు. ఇప్పుడు ప్రతి పదంలోనూ మొదటి రెండు గళ్ళే చూడండి. అమ్మ, అన్న, అక్క, అత్త! గడి నట్టనడుమ ఐదో పొడుగు పదం ఉంటుంది, దాని ఆధారం "ఆ నాలుగు పదాల్లోనూ ముందు నిలబడినవాళ్ళంతా ఒకే ఇంట్లో ఉంటే", జవాబు పెద్దకుటుంబం. గుట్టు విప్పే ఇలాంటి పదాన్ని అక్కడ రివీలర్ అంటారు.

చూడండి, అన్నవాహికలో ఉన్నది తినే అన్నం, పెద్దకుటుంబంలో చేరేసరికి అదే తోడబుట్టిన అన్న అయింది. పదం మారలేదు, మన చూపు మారింది. నాకు ఈ ఆటలో అన్నిటికంటే ఇష్టమైన క్షణం ఇదే, ముప్ఫై ఏళ్ళుగా గళ్ళు నింపుతున్నా ఇప్పటికీ ఆ క్షణంలో పెన్సిల్ కింద పెట్టేసి కాసేపు అలా చూస్తూ ఉండిపోతాను.

మీరు చేయాల్సింది ఇది. రెండు పొడుగు పదాలు దొరగ్గానే ఆగండి, మూడోదాని మీదికి పరిగెత్తకండి. ఆ రెండిటినీ పక్కపక్కన రాసుకుని మొదళ్ళు చూడండి, చివర్లు చూడండి, నడుమ ఏదైనా మాట దాక్కుందేమో చూడండి, బయటికి చదివితే ఇంకో మాటలా వినిపిస్తుందేమో చూడండి. అమ్మకందారు, అక్కరలేదు మీ చేతిలో ఉన్నాయంటే మూడోదాని మొదట్లో అన్న గానీ అత్త గానీ ఉండాలని మీకే తెలుస్తుంది, రెండు గళ్ళు ఉచితంగా వచ్చినట్టే. మీ కోడలు "దారి చూపిస్తుంది" అన్నది దీని గురించే. రివీలర్ చాలాసార్లు గడి కింది సగంలోనో చివరి పొడుగు పదంగానో ఉంటుంది, బాగా ఇబ్బందిగా ఉన్నరోజు దాని ఆధారం ముందే చదివేయడంలో తప్పేమీ లేదు. అన్నట్టు, ఆధారం చివర ప్రశ్నార్థకం కనిపిస్తే అక్కడ మాటతో ఆట ఉందని గుర్తు, నేరుగా అర్థం తీసుకోకండి.

ఇంకో సంగతి, మీకు అక్కడివాళ్ళకు లేని బలం ఒకటి ఉంది. ఆ గళ్ళలో అచ్చులు ఎక్కువగా ఉన్న చిన్న మాటలు మళ్ళీ మళ్ళీ అవసరమవుతాయి, అందుకే నాన్, దాల్, ఘీ, సారీ, రాణి, ఆగ్రా, రాజ్ లాంటివి తరచూ వస్తాయి. రాణికి అక్కడ రెండు స్పెల్లింగులున్నాయి, చివర ఐ పెట్టేది ఒకటి, రెండు ఇ-లు పెట్టే పాతది ఇంకోటి, గళ్ళు లెక్కపెట్టుకుని రాయండి.

ప్రశ్న: గురువారం గడిలో జవాబు ఖచ్చితంగా తెలుసు, కానీ గళ్ళు రెండు తక్కువ. తప్పు అచ్చయిందేమో అనుకున్నాను. తర్వాత చూస్తే ఒకే గడిలో మూడు అక్షరాలు రాయాలట! ఇది న్యాయమేనా? (న్యూజెర్సీ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: న్యాయమేనండీ, దానికి కారణం చెబుతాను. దీన్ని రీబస్ అంటారు. ఎడ్యుకేషన్ స్పెల్లింగ్ ఒకసారి ఇంగ్లీషులో రాసుకోండి, నడుమ సి, ఎ, టి వరసగా కనిపిస్తాయి, అంటే క్యాట్, పిల్లి. వెకేషన్‌లోనూ అదే. ఒకటి అడ్డం, ఒకటి నిలువు, రెండూ కలిసే ఆ ఒక్క గడిలో పిల్లి మొత్తం కూర్చుంటుంది. అప్పుడు తొమ్మిదక్షరాల ఎడ్యుకేషన్ ఏడు గళ్ళలోనూ, ఎనిమిదక్షరాల వెకేషన్ ఆరింటిలోనూ సరిపోతాయి. ఇలాంటి పిల్లులు గడిలో నాలుగు చోట్ల ఉండి, రివీలర్ "లిటర్ బాక్స్" అయితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. పిల్లి కోసం పెట్టే పెట్టె, పిల్లి ఉన్న పెట్టె! ఇది నేను ఇప్పుడు అల్లిన ఉదాహరణ, అక్కడి కూర్పరుల పని ఇంతకంటే ఎంతో నునుపుగా ఉంటుంది.

న్యాయం ఎందుకంటే, ఆ గడిలో అడ్డం, నిలువు రెండూ ఒకే మాట చెబుతాయి. అడ్డం ఒకటి పట్టకపోతే అనుమానం, నిలువు కూడా పట్టకపోతే అది రుజువు. రెండు వైపులా ఖచ్చితంగా తెలిసిన జవాబులు ఒకేచోట ఇరుక్కుంటే అచ్చుతప్పును కాదు, రీబస్‌నే అనుమానించండి. యాప్‌లో చేసేవాళ్ళకు దానికోసం రీబస్ అని వేరే మీట కూడా ఉంటుంది.

ఇంగ్లీషువాళ్ళకు ఎక్కువగా గురువారం వచ్చే ఈ వింత మనకు రోజూ ఉన్నదే. "స్త్రీ" మనకు ఒక్క గడి. అందులో స, త, ర, ఈ నాలుగు ధ్వనులు ఉన్నాయి, అయినా మనం అందులో వింతేమీ చూడం. చిన్నప్పటి నుంచి తెలుగు గళ్ళు నింపినవాళ్ళు ఒక గడిలో ఇన్ని ధ్వనులు పడతాయని వేరే నేర్చుకోనక్కర్లేదు, కాబట్టి మీరు కొంచెం అలవాటు పడితే రీబస్ విషయంలో మీ పక్క సీటు అమెరికన్ కంటే మీరే ముందుంటారని నా నమ్మకం.

ప్రశ్న: అలాంటప్పుడు మన తెలుగు పత్రికల రోజువారీ గళ్ళలో థీమ్ ఎందుకు కనిపించదు? మనవాళ్ళకు చేతకాకనా? (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: చేతకాక అన్న మాట నేను ఒప్పుకోను. శ్రీశ్రీ, ఆరుద్ర అంతటివాళ్ళు గళ్ళు కూర్చిన భాష మనది. మనవాళ్ళ నైపుణ్యం ఎక్కువగా ఆధారం రాయడంలోకి వెళ్ళింది, థీమ్‌లోకి కాదు. తల లేనిది, తోక తెగింది, తడబడింది, అటునుంచి రమ్మంది, కిందనుంచి పైకి ఎక్కింది అంటూ ఒక్కొక్క ఆధారాన్నీ ఒక చిన్న పొడుపుకథగా చేస్తారు. ఇది ఇంగ్లండ్ పద్ధతి క్రిప్టిక్ క్రాస్‌వర్డ్‌కు దగ్గర, అక్కడ కూడా థీమ్ ఉండి తీరాలని లేదు, ఒక్కో ఆధారమే ఒక ఆట.

రెండో కారణం మన లిపి, దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఇంగ్లీషులో ఒక గడిలో పడగలిగేవి ఇరవయ్యారే. మనకు గుణింతాలూ ఒత్తులూ కలిపితే వేలల్లోకి వెళుతుంది. అమెరికా గడిలో ప్రతి అక్షరం అడ్డంలోనూ ఉండాలి, నిలువులోనూ ఉండాలి, మూడక్షరాల కంటే చిన్న పదం ఉండకూడదు, గడిని తలకిందులుగా తిప్పినా నల్లగళ్ళ అమరిక అలాగే ఉండాలి. ఈ నిబంధనలన్నీ తెలుగులో పెడితే కూర్పరి ప్రాణం పోతుంది.

పైన చెప్పిన అమ్మ, అన్న, అక్క, అత్త గడినే తీసుకోండి. నాలుగు పదాల్లోనూ రెండో గడి ద్విత్వాక్షరం: మ్మ, న్న, క్క, త్త. ద్విత్వాక్షరంతో తెలుగు మాట మొదలవదు. అంటే ఆ గడి నుంచి కిందికి నిలువు పదం మొదలుపెట్టలేం, దాని పైన ఇంకో గడి తెల్లగా ఉండి తీరాలి, బొమ్మ, వెన్న, మొక్క, కొత్త లాంటిది ఏదో పైనుంచి దిగాలి. అందువల్ల ఈ థీమ్ పదాల్లో ఒక్కటి కూడా గడి మొదటి వరసలో కూర్చోదు, ఆ రెండో గడిని నిలువుకు అందకుండా వదిలేస్తే తప్ప. రివీలర్‌గా నేను మొదట "ఉమ్మడికుటుంబం" అనుకున్నాను, నాకు అదే ఎక్కువ నచ్చింది, కానీ ఆరు గళ్ళయింది, బేసి సంఖ్య వెడల్పున్న గడిలో ఆరు గళ్ళ పదం నట్టనడుమ కుదరదు, అందుకే పెద్దకుటుంబంతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఒక్క చిన్న థీమ్‌కే ఇంత పని. రోజూ ఒకటి చొప్పున చేయమంటే ఒక్క మనిషి వల్ల అవుతుందా?

అయినా మనకు రావాలనే నా కోరిక. రోజూ కాకపోయినా వారానికి ఒకటి. ప్రతి గడీ రెండు వైపులా కలవాలన్న పట్టు వదిలేసి, మన గళ్ళలో ఇప్పటికే ఉన్నట్టు కొన్ని గళ్ళను ఒకవైపుకే వదిలేస్తే థీమ్‌కు బోలెడు చోటు దొరుకుతుంది.

ప్రశ్న: తెలియని పదం ఫోన్‌లో వెతికి నింపితే మోసం చేసినట్టా? మా హాస్టల్లో దీని మీద రోజూ గొడవే. (ఒక విద్యార్థిని, నంద్యాల)

జవాబు: పోటీలో అయితే మోసం. మీ గదిలో మీరు చేసుకుంటున్నప్పుడు కాదు. ఊరి పేరో, నటుడి పేరో, నది పేరో తెలియకపోతే వెతుక్కోండి, వచ్చేసారి గుర్తుంటుంది. థీమ్ పదాలను మాత్రం వెతక్కండి, వాటిని వెతికితే పండు తొక్క తీసి పండు పారేసినట్టే. ఆగిపోతే గడి మూసేసి పడుకోండి, పొద్దున్న మళ్ళీ చూడండి, రాత్రి ఎంత చూసినా కనపడనిది చాలాసార్లు టక్కున కనిపిస్తుంది.

ప్రశ్న: రిటైరయ్యాక రోజూ గంటన్నర గళ్ళతో గడుపుతున్నాను. ఇంట్లోవాళ్ళు టైం దండగ అంటున్నారు. వాళ్ళకు ఏమని చెప్పాలి? జ్ఞాపకశక్తికి మంచిదని చెప్పవచ్చా? (ఒక పాఠకుడు, రాజమండ్రి)

జవాబు: మందు పేరు చెప్పి సమర్థించుకోవద్దండీ, మీకు ఇష్టం కాబట్టి చేస్తున్నారు, అది చాలు. ఈ తిట్టు మాత్రం కొత్తది కాదు. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ అనే పత్రిక ఆదివారం సంచికలో లివర్‌పూల్ నుంచి వచ్చిన ఆర్థర్ విన్ మొదటి గడి వేశాడు, వజ్రం ఆకారంలో, నడుమ ఖాళీతో. 1924లో సైమన్ అండ్ షుస్టర్ తమ మొట్టమొదటి పుస్తకంగా గళ్ళ పుస్తకం తెచ్చారు, పుస్తకానికి ఒక పెన్సిల్ కూడా తగిలించి అమ్మారు. దేశమంతా ఆ పిచ్చిలో పడింది. అదే ఏడాది న్యూయార్క్ టైమ్స్ ఇదంతా కాలం వృథా అని రాసింది.

ఆ పత్రికే 1942 ఫిబ్రవరి 15న తన మొదటి గడి వేసింది. పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగి అప్పటికి రెండు నెలలు దాటింది, యుద్ధవార్తలతో, రాత్రిళ్ళు దీపాలార్పేసి చీకట్లో గడిపే గంటలతో జనం అల్లాడుతున్న రోజులు, వాళ్ళకు కాస్త ఊరట కావాలనిపించింది. ఎడిటర్‌గా మార్గరెట్ ఫరార్‌ను పెట్టుకున్నారు. 1924 పుస్తకం కూర్చిన ముగ్గురిలో ఆవిడ ఒకరు. 1950 నుంచి గడి రోజూ రావడం మొదలైంది. ఇది ఇంట్లో చదివి వినిపించండి. వినిపించాక గంటన్నరలో ఒక అరగంట వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకోండి, పొడుగు పదం ఒకటి వాళ్ళకు వదిలేయండి. మా ఇంట్లో గొడవ అలాగే ఆగింది, ఇప్పుడు గడి పేజీ కోసం పోటీ.

ప్రశ్న: మీరు చూసిన థీమ్ గళ్ళలో ఇంతకు మించింది లేదనిపించింది ఏది? (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: తడుముకోకుండా చెబుతాను, 1996 నవంబరు 5 నాటి న్యూయార్క్ టైమ్స్ గడి. ఆ రోజు అమెరికా అధ్యక్ష ఎన్నిక, పోటీ బిల్ క్లింటన్‌కూ బాబ్ డోల్‌కూ. కూర్చింది జెరెమయా ఫారెల్, బట్లర్ యూనివర్సిటీలో లెక్కల ప్రొఫెసర్. నడిమి వరస ఆధారం "రేపటి పేపర్లో పతాక వార్త" అన్న అర్థంలో ఉంటుంది, దాని పక్కనే "ఎన్నికయ్యాడు" అన్న మాట. ఆ ఏడు గళ్ళలో చాలామంది "క్లింటన్" రాశారు. పోలింగ్ ఇంకా జరుగుతుంటే పత్రిక ఫలితం ముందే చెప్పేసిందని, పక్షపాతం చూపిస్తోందని కోపంతో ఫోన్లు చేశారు.

సంగతేమిటంటే అక్కడ "బాబ్ డోల్" రాసినా గడి మొత్తం సరిపోతుంది! ఇంగ్లీషులో రెండు పేర్లకూ ఏడేసి అక్షరాలే. ఆ ఏడు గళ్ళనూ దాటుకుంటూ దిగే ఏడు నిలువు పదాల ఆధారాలనూ ఆయన రెండు జవాబులకూ సరిపోయేలా రాశాడు. హాలోవీన్ నాటి నల్ల జంతువు ఏది? సి పెడితే క్యాట్, పిల్లి. బి పెడితే బ్యాట్, గబ్బిలం. కుట్టుపని దుకాణంలో కొనేది? ఎన్ పెడితే యార్న్, నూలు. డి పెడితే యార్డ్, గజం గుడ్డ. ఇలా ఏడూ. ఒక్కటి కూడా బలవంతంగా ఇరికించినట్టు ఉండదు.

ఆ గడి గురించి మొదటిసారి తెలిసిన రోజు నేను ఒక కాగితం మీద ఆ ఏడు జంటలూ రాసుకుని చాలాసేపు చూశాను. ఒక ఆధారానికి రెండు జవాబులు కుదిరితే మామూలుగా అది కూర్పరి తప్పు, పూరించేవాళ్ళు నిలదీస్తారు. ఆయన ఆ తప్పునే ఏడుసార్లు, వరసగా, కావాలని చేసి ఇంతటి పనితనంగా మార్చాడు. 1993 నుంచి అక్కడ గడి ఎడిటర్‌గా ఉన్న విల్ షార్ట్జ్ కూడా తనకు బాగా ఇష్టమైన గడి ఇదేనని చెప్పారు.

ప్రశ్న: మీ మాట మీద నేనూ ఒక థీమ్ గడి కూర్చాను. నదులు దాక్కున్న నాలుగు పదాలు: కృష్ణాష్టమి, తుంగచాప, మంజీరనాదం, మూసివేత. రివీలర్ ఇంకా దొరకలేదు. ఎలా ఉంది? (ఒక పాఠకుడు, వరంగల్)

జవాబు: చాలా సంతోషమండీ, ముఖ్యంగా మంజీరనాదం చూసి. కాలి అందెల చప్పుడులో నది దాక్కుంది, ఆధారంలో నీటి ఊసే రాదు. పండుగలో కృష్ణా, పడుకునే చాపలో తుంగ కూడా అంతే.

మూసివేత మాత్రం తీసేయాలి. నది మూసీ, దీర్ఘం ఉంది, మూసివేతలో హ్రస్వం. మాట్లాడేటప్పుడు తేడా తెలియకపోవచ్చు గానీ గడిలో సి వేరు, సీ వేరు. కృష్ణాలో దీర్ఘం జాగ్రత్తగా నిలబెట్టుకున్న మీరు ఇక్కడ వదిలేయకూడదు. దాని బదులు శబరిమల పెట్టండి. శబరి గోదావరిలో కలిసే నది. పైగా ఇప్పుడు మీ పదాలు నాలుగు, నాలుగు, ఐదు, నాలుగు గళ్ళవి, జత కుదరడం లేదు. శబరిమల ఐదు గళ్ళు, అప్పుడు నాలుగుకు నాలుగు, ఐదుకు ఐదు ఎదురెదురుగా కూర్చుంటాయి.

రివీలర్‌గా "అంతర్వాహిని" ఎలా ఉంటుంది? అం, త, ర్వా, హి, ని, ఐదు గళ్ళు, నడుమ సరిగ్గా పడుతుంది. కృష్ణాష్టమిలో ష్ట ఉన్న గడికి కష్టకాలమో ఇష్టపడడమో పైనుంచి దింపవచ్చు. ష్ణా ఉన్న గడికి మాత్రం నిలువు పదం కోసం వెతుకుతూ రాత్రిళ్ళు నిద్ర మానుకోకండి, పైనా కిందా నల్లగడి పెట్టేయండి. మార్చి పంపితే వచ్చే నెల ఇదే పేజీలో వేస్తాం.